సి9, సి యాడ్9, సి సస్2: కార్డ్ పేరు చదివే పద్ధతి

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ వంటి ఊళ్లలో కీబోర్డుకో గిటారుకో చేరువైనవారు సాధారణంగా చర్చి పాటలతోనో, పెళ్లి ఆర్కెస్ట్రాతోనో, భజన మండలి హార్మోనియంతోనో మొదలుపెడతారు. మేజర్, మైనర్ కార్డ్‌లు త్వరగానే చేతికి వస్తాయి; కార్డ్ అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు. ఆ తరువాత పాట సాహిత్యం మీద సి9 అనో సి7 సస్4 అనో కనిపిస్తే, ఫోన్‌లో బొమ్మ వెతికి, అందులో చూపినట్టు వేళ్లు పెట్టడం అలవాటవుతుంది. బొమ్మతో ఆ పాట నడుస్తుంది గాని, గాయకుడు ఒకటి శ్రుతి కాదు, రెండు శ్రుతిలో పాడతానంటే మళ్లీ వెతుకులాట తప్పదు. పేరును చదవడం వస్తే ఏ శ్రుతిలోనైనా కార్డ్‌ను మీరే కట్టుకోవచ్చు.

లెక్క ధీరశంకరాభరణంతో మొదలవుతుంది. సి కీని షడ్జమంగా పెట్టుకొని తెల్ల కీల మీద వరుసగా పైకి వెళితే కర్ణాటక సంగీతంలోని ఈ 29వ మేళకర్త (మూల రాగం) వస్తుంది. షడ్జమం 1, చతుశ్రుతి రిషభం 2, అంతర గాంధారం 3, శుద్ధ మధ్యమం 4, పంచమం 5, చతుశ్రుతి ధైవతం 6, కాకలి నిషాదం 7. తారస్థాయి షడ్జమం 8 అవుతుంది కనుక దాని పై రిషభం 9, మధ్యమం 11, ధైవతం 13. పెద్ద అంకెలోంచి 7 తీసివేస్తే అది ఏ స్వరమో తెలిసిపోతుంది. 10, 12 పేర్లలో సాధారణంగా కనిపించవు, ఎందుకంటే అవి కార్డ్‌లో ముందే ఉన్న గాంధార పంచమాలే. మేజర్ కార్డ్ అంటే 1, 3, 5, అనగా సి, ఇ, జి. మైనర్‌లో అంతర గాంధారం బదులు సాధారణ గాంధారం, అనగా ఇ ఫ్లాట్ (ఇ కంటే అర మెట్టు కింది స్వరం) వస్తుంది.

అసలు చిక్కంతా నిషాదం దగ్గరే ఉంది, కాబట్టి ఇక్కడ కొంత నిలిచి చూడాలి. పేరులో వట్టి 7 ఉంటే అది కాకలి నిషాదం కాదు, హరికాంభోజి రాగంలో వినిపించే కైశికి నిషాదం. అందువల్ల సి7లో సి, ఇ, జి, బి ఫ్లాట్ ఉంటాయి. కాకలి నిషాదం కావాలంటే సి మేజర్7 అని ప్రత్యేకంగా రాస్తారు. అంటే 7కు ముందు వచ్చే మేజర్ అనే మాట నిషాదాన్ని గురించి చెబుతుంది. మైనర్ అనే మాట మాత్రం గాంధారాన్ని గురించి చెబుతుంది. ఈ తేడా పట్టుబడితే సి మైనర్ మేజర్7 అనే పేరు కూడా భయపెట్టదు: గాంధారం సాధారణం, నిషాదం కాకలి, స్వరాలు సి, ఇ ఫ్లాట్, జి, బి.

9, 11, 13 అంకెలతో వచ్చేవి విస్తరించిన కార్డ్‌లు. వీటిలో పెద్ద అంకె తన కింది బేసి అంకెలన్నిటినీ వెంట తెచ్చుకుంటుంది. సి9లో 7 కూడా ఉన్నట్టే లెక్క; స్వరాలు సి, ఇ, జి, బి ఫ్లాట్, డి. సి13 అంటే సిద్ధాంతం ప్రకారం ఏడు స్వరాలు. అన్నీ వాయించనక్కరలేదు, వాయిస్తే బాగుండదు కూడా. బేస్ గిటారు షడ్జమాన్ని పట్టుకుంటే మీరు 3, 7, 13 వాయించండి, చాలు. పంచమాన్ని నిస్సంకోచంగా వదిలేయవచ్చు. సి11లో మాత్రం కింద అంతర గాంధారం, పైన శుద్ధ మధ్యమం మోగి గట్టిగా ఒరుసుకుంటాయి కనుక చాలామంది గాంధారాన్ని తీసేస్తారు. సి మైనర్11లో ఆ ఇబ్బంది లేదు. అంకెకు ముందు షార్ప్ ఉంటే స్వరం అర మెట్టు ఎక్కుతుంది, ఫ్లాట్ ఉంటే అర మెట్టు దిగుతుంది: షార్ప్ 11 ప్రతి మధ్యమం, ఫ్లాట్ 9 శుద్ధ రిషభం. సి మేజర్7 షార్ప్ 11 వాయించి చూడండి, కల్యాణి తెలిసిన చెవికి అది కొత్తగా అనిపించదు.

యాడ్ అనే మాట ఉంటే నిషాదం రాదు. సి యాడ్9లో సి, ఇ, జి, డి మాత్రమే ఉంటాయి. సి6లోనూ నిషాదం లేదు. మేజర్ కార్డ్‌కు ధైవతం చేరుతుంది, అంతే.

సస్ (సస్పెండెడ్, అనగా నిలిపి ఉంచిన) కార్డ్‌లో గాంధారం తప్పుకొని, దాని చోట మరో స్వరం నిలుస్తుంది. సస్4లో మధ్యమం, సస్2లో రిషభం. అంకె లేకుండా సస్ అని మాత్రమే రాస్తే సస్4 అని అర్థం. గాంధారం లేదు కనుక ఇవి మేజరూ కావు, మైనరూ కావు. గిటారు మీద డి మేజర్ పట్టుకుంటే ఒకటో తీగ రెండో ఫ్రెట్‌లో ఉన్న ఎఫ్ షార్పే గాంధారం. చిటికెన వేలితో అదే తీగ మూడో ఫ్రెట్ నొక్కితే జి మోగి డి సస్4 అవుతుంది; ఆ ఒక్క తీగ మీది వేళ్లు తీసి దాన్ని ఖాళీగా మీటితే ఇ మోగి డి సస్2 అవుతుంది. ఈ మూడూ వరుసగా పదేపదే మీటితే మధ్యమం గాంధారానికి దిగాలని ఎంతగా ఒత్తిడి చేస్తుందో చెవికి తెలుస్తుంది. యూరప్ చర్చి గానంలో ముందు కార్డ్‌లోని స్వరాన్ని తరువాతి కార్డ్ మీదికి నిలిపి ఉంచి, ఆపై దించే పద్ధతి నుంచే ఇది వచ్చింది. ఇప్పటి పాటల్లో దించకుండా వదిలేయడమూ మామూలే.

దీంతో తరచూ కలగాపులగమయ్యే మూడు పేర్లు విడిపోతాయి. సి సస్2లో రిషభం ఉంది, గాంధారం లేదు. సి యాడ్9లో రెండూ ఉన్నాయి. సి9లో ఆ రెంటితో పాటు కైశికి నిషాదమూ ఉంది. ఒకదాని చోట మరొకటి వాయిస్తే పాట ఆగిపోదు గాని, రచయిత కోరిన రంగు మాత్రం పోతుంది. సి9 సస్4 అని కనిపిస్తే తికమక పడకుండా ఎడమచేత సి, కుడిచేత బి ఫ్లాట్ మేజర్ వాయించండి. పంచమం ఒక్కటి తప్ప అన్నీ అందులో ఉన్నాయి.

సాధనకు ఎ7 సస్4 తీసుకోండి. షడ్జమం ఎ, గాంధారం స్థానంలో మధ్యమం డి, పంచమం ఇ, కైశికి నిషాదం జి. దాన్ని రెండు తాళాల పాటు నిలిపి, డిని సి షార్ప్‌కు దించి ఎ7 చేసి, అక్కడి నుంచి డి మేజర్‌కు వెళ్లండి. ఇదే నడకను తరువాత జి7 సస్4 నుంచి సి మేజర్‌కు, ఆపైన ఇ7 సస్4 నుంచి ఎ మేజర్‌కు, బొమ్మ చూడకుండా స్వరాలు లెక్కపెట్టుకుంటూ వాయించండి.