ఫోటో ఎడిటింగ్ కోసం ఫస్ట్ టైమ్ పీసీ బిల్డ్ చేస్తున్నారా, ముందు మానిటర్ సంగతి తేల్చుకోండి

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఏ షాపుకైనా వెళ్లి ఎడిటింగ్‌కి పీసీ కావాలి అని అడగండి, ముందు బడ్జెట్ ఎంత అంటారు, తర్వాత చేతిలో పెట్టే కొటేషన్ చూస్తే చాలాసార్లు అది గేమింగ్ పీసీయే, గ్రాఫిక్స్ కార్డుకీ లైట్లున్న క్యాబినెట్‌కీ సగం డబ్బు పోయి, మానిటర్ దగ్గరికొచ్చేసరికి మిగిలినదాంట్లో ఏదొస్తే అది. ఫోటోల పనికి ఈ వరస పూర్తిగా తిరగెయ్యాలి. ముందు మానిటర్, తర్వాత ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఆ తర్వాత ప్రాసెసర్, ఇవన్నీ అయ్యాక గ్రాఫిక్స్ కార్డు. లైట్‌రూమ్, ఫోటోషాప్‌లో రోజూ పనిచేసేవాళ్లకి నేను చెప్పేది ఇదే.

మానిటర్ ఎందుకు ముందంటే, మన పెళ్లి ఫోటోల్లో ఉండే రంగులు మామూలు రంగులు కావు కదా, ఎర్ర పట్టుచీర, పసుపు, కుంకుమ, బంగారు జరీ, వాటి మీద పసుపు పచ్చ ఫోకస్ లైట్లు. నాసిరకం ప్యానెల్ మీద ఆ ఎరుపంతా ఒకే ముద్దలా కనిపిస్తుంది, చీర మడతలు కనపడవు, దాంతో మీరు శాచురేషన్ తగ్గిస్తారు, తీరా ఆల్బమ్ వచ్చాక చూస్తే చీర వెలిసిపోయినట్టు ఉంటుంది. కాబట్టి పక్కనుంచి చూసినా రంగులు మారని ఐపీఎస్ రకం ప్యానెల్ తీసుకోండి, 27 అంగుళాలు, 2560 బై 1440 రిజల్యూషన్, ఎస్ఆర్‌జీబీ అనే ప్రామాణిక రంగుల శ్రేణిని 100 శాతం కవర్ చేయాలి. ఆసుస్ ప్రోఆర్ట్ పీఏ278క్యూవీ, బెన్‌క్యూ పీడీ2705క్యూ లాంటివి ఈ లెక్కకి సరిపోతాయి. 4కే అయితే ఇంకా మంచిదే గానీ దానికోసం ప్యానెల్ క్వాలిటీ వదులుకోవద్దు. వంపు తిరిగిన వీఏ రకం ప్యానెల్ గేమింగ్ మానిటర్లు మాత్రం వద్దు, తల కొంచెం పక్కకి జరిపితేనే షాడోలు మారిపోతాయి.

ఇంకో సంగతి, కొత్త మానిటర్ బాక్సులోంచి తీసేసరికి బ్రైట్‌నెస్ చాలా ఎక్కువగా పెట్టి ఉంటుంది, దాని మీదే ఎడిట్ చేస్తే స్క్రీన్ మీద ఫోటో వెలిగిపోతుంటుంది, కరిజ్మా ఆల్బమ్ ప్రింట్‌లో మొహాలు నల్లగా వస్తాయి, అప్పుడు ల్యాబ్‌వాళ్లతో గొడవపడతాం. బ్రైట్‌నెస్ 100 నుంచి 120 నిట్స్ (వెలుగు కొలత) మధ్యకి తెచ్చుకుని, స్పైడర్ గానీ కాలిబ్రైట్ గానీ ఒక కాలిబ్రేటర్ (స్క్రీన్ రంగులు కొలిచే పరికరం) పెట్టి రంగులు సరిచేసుకోండి. అది ఒక్కరే కొనక్కర్లేదు, ముగ్గురు నలుగురు ఫోటోగ్రాఫర్లు కలిసి ఒకటి కొనుక్కుని నెలకోసారి తిప్పుకున్నా చాలు.

ర్యామ్ 32 జీబీ. అంత ఎందుకు అంటారా, 12 బై 36 అంగుళాల ఆల్బమ్ షీట్ 300 డీపీఐలో తెరిస్తే 3600 బై 10800 పిక్సెల్స్, 8 బిట్‌లో ఫోటో నిండుగా ఉన్న ఒక్క లేయరే 110 ఎంబీ దాటుతుంది, అలాంటివి ఇరవై లేయర్లు, వెనకాల లైట్‌రూమ్, పక్కన క్రోమ్, ఇంక 16 జీబీ ఏ మూలకి. రెండు 16 జీబీ స్టిక్కులుగా తీసుకుని, నాలుగు స్లాట్లున్న బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో దాంట్లో, నాలుగో దాంట్లో పెట్టాలి. తర్వాత బయోస్‌లోకి (పీసీ ఆన్ చేయగానే తెరిచే బోర్డు సెట్టింగ్స్) వెళ్లి ఇంటెల్ బోర్డైతే ఎక్స్ఎంపీ, ఏఎండీ అయితే ఎక్స్‌పో అనే ర్యామ్ స్పీడ్ సెట్టింగ్ ఆన్ చేయాలి, లేకపోతే డబ్బులిచ్చిన స్పీడ్ రాదు. 2025 చివర్నుంచి ర్యామ్ రేట్లు విపరీతంగా పెరిగాయి, అందుకని ఒక ఉపాయం, మీ పాత పీసీలో మంచి డీడీఆర్4 స్టిక్కులుంటే ఇంటెల్ ప్రాసెసర్లకి వచ్చే బీ760 చిప్‌సెట్‌లో డీడీఆర్4 రకం బోర్డులు కూడా ఉన్నాయి, అది తీసుకుని ఆ ర్యామ్‌నే వాడుకోవచ్చు, ఫోటోల పనిలో పెద్ద తేడా తెలీదు.

ప్రాసెసర్ దగ్గర మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, వీడియో కూడా ఎడిట్ చేస్తారా? ఒట్టి ఫోటోలే అయితే ఏఎండీ రైజన్ 5 7600, రైజన్ 7 7700, ఇంటెల్ ఐ5 14400 ఏదైనా బ్రహ్మాండంగా సరిపోతుంది. ఈ రైజన్‌లకి వచ్చే ఏఎం5 సాకెట్ బోర్డు అయితే రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు, అదొక లాభం. కానీ సోనీ ఏ7 4, కెనాన్ ఆర్6 మార్క్ 2 లాంటి కెమెరాలతో 10 బిట్ 4:2:2 హెచ్.265 వీడియో (రంగుల వివరం ఎక్కువ, ఫైల్ బాగా కుదించి ఉంటుంది) తీసేవాళ్ల సంగతి వేరు. ఆ ఫైల్స్‌ని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేసే (విప్పి చూపించే) పని ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ చేస్తుంది, రైజన్ 7000లో ఉన్నది చెయ్యదు, ఎన్విడియాలో కూడా 40 సిరీస్ వరకు లేదు, 50 సిరీస్‌లోనే వచ్చింది. అందుకే ఖరీదైన కార్డు ఉండి కూడా వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తోందని చాలామంది తల పట్టుకుంటారు. వీడియో ఉంటే ఇంటెల్ తీసుకోండి, మోడల్ నంబర్ చివర ఎఫ్ అక్షరం ఉన్నది మాత్రం తీసుకోవద్దు, ఎఫ్ ఉంటే ఆ గ్రాఫిక్స్ భాగం ఉండదు. రెండు మూడు వేలు తగ్గుతుందని షాపులో అదే ఇస్తారు, బిల్లులో చూస్కోండి. ఇంట్లో టీవీకి సినిమాలు, పాత ఫంక్షన్ వీడియోలు జెల్లీఫిన్ (పీసీలోని వీడియోలని టీవీకి పంపే సాఫ్ట్‌వేర్) పెట్టి చూపించాలన్నా ఈ భాగమే చక్కగా పనికొస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు అసలు వద్దని కాదు. లైట్‌రూమ్‌లో ఫోటో మీది గ్రెయిన్ తీసే ఏఐ డీనాయిజ్ పూర్తిగా కార్డు మీదే నడుస్తుంది, సంగీత్‌లో ఐఎస్ఓ 6400లో తీసిన ఫోటోలు వందల్లో శుభ్రం చేయాలంటే కార్డు లేకుండా ఒక్కో ఫోటోకి నిమిషాలు పడుతుంది. అలాంటి పని రోజూ ఉంటే ఆర్‌టీఎక్స్ 4060 గానీ 12 జీబీ 3060 గానీ చాలు. లేదంటే ముందు కార్డు లేకుండా మొదలుపెట్టి, డబ్బులొచ్చాక పెట్టుకోండి, స్లాట్ ఎక్కడికీ పోదు.

స్టోరేజ్‌కి విండోస్, లైట్‌రూమ్ క్యాటలాగ్ కోసం 1 టీబీ ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ, నడుస్తున్న ఆర్డర్ల కోసం ఇంకో 1 లేదా 2 టీబీ. ఒక్కో రా ఫైల్ 40 ఎంబీ అనుకుంటే మూడు వేల ఫోటోల పెళ్లి 120 జీబీ, ముహూర్తాల సీజన్‌లో నాలుగు పెళ్లిళ్లు వచ్చాయంటే డిస్క్ నిండిపోవడానికి ఎంతో సేపు పట్టదు. మరీ వేగమైన జెన్5 తరం డ్రైవ్‌లు మనకి అక్కర్లేదు, జెన్4 చాలు, కానీ టీఎల్‌సీ రకమే తీసుకోండి, చవగ్గా దొరికే క్యూఎల్‌సీ డ్రైవ్‌లో పెద్ద మెమరీ కార్డులు వరసగా కాపీ చేస్తే క్యాష్ (డ్రైవ్‌లోని వేగమైన తాత్కాలిక భాగం) నిండాక స్పీడ్ ఒక్కసారిగా పడిపోతుంది. డెలివరీ అయిన ఫోటోలు 4 లేదా 8 టీబీ హార్డ్ డిస్క్‌లోకి మార్చుకోండి. అదే క్యాబినెట్‌లో ఉన్న రెండో డిస్క్‌ని బ్యాకప్ అనుకోవద్దు, కరెంటు దెబ్బకి పోతే రెండూ కలిసే పోతాయి, ఒక కాపీ బయటి డ్రైవ్‌లో, వీలైతే వేరే ఇంట్లో ఉండాలి. ఒకరి తాళి కట్టే ఫోటో మళ్లీ తీయలేం.

కరెంటు మాట వచ్చింది కాబట్టి, ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) దగ్గర పిసినారితనం వద్దు, మంచి కంపెనీ 650 వాట్స్ గోల్డ్ రేటింగ్‌ది తీసుకోండి, క్యాబినెట్‌తో ఫ్రీగా ఇచ్చేది వద్దు. యూపీఎస్ 1000 వీఏ ఒకటి, అది కొనేముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూపించుకోండి. ఏసీ లేని గదిలో ఏప్రిల్, మే ఎండలకి, ముందువైపు మొత్తం మెష్ (జాలీ) ఉన్న క్యాబినెట్ కావాలి, గ్లాసు ముందువైపు ఉన్నది చూడ్డానికి బాగుంటుంది గానీ లోపల ఉడికిపోతుంది.

బిగించడం మీరనుకున్నంత కష్టం కాదు. ఏఎం5లో అయినా ఇంటెల్‌లో అయినా పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి, ప్రాసెసర్ మూల మీదున్న చిన్న త్రిభుజాన్ని సాకెట్ మీది త్రిభుజంతో కలిపి మెల్లగా దింపాలి, నొక్కకూడదు. కూలర్ అడుగున ప్లాస్టిక్ స్టిక్కర్ ఉంటే పీకెయ్యండి. బోర్డు పైమూలలో ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్ కేబుల్ పెట్టారో లేదో చూడండి, అది లేకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ డిస్‌ప్లే రాదు. కార్డు ఉంటే మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టాలి, బోర్డుకి కాదు. పార్టులన్నిటికీ జీఎస్టీ బిల్లు తీసుకుని, బాక్సుల మీది సీరియల్ నంబర్లు బిల్లులో రాయించుకోండి, వారంటీకి అదే ఆధారం.

విండోస్ ఎక్కించేముందు మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్షించే ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఒక రాత్రంతా వదిలెయ్యండి. ర్యామ్‌లో లోపం ఉంటే పీసీ మామూలుగానే నడుస్తూ ఫైల్స్‌ని, క్యాటలాగ్‌ని నెమ్మదిగా పాడుచేస్తుంది, మీకు తెలిసేసరికి బ్యాకప్‌లోకి కూడా అవే చెడిపోయిన ఫైల్స్ వెళ్లి ఉంటాయి. పొద్దున చూసేసరికి ఒక్క ఎర్రర్ కనపడినా ముందు ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో ఆఫ్ చేసి మళ్లీ టెస్ట్ పెట్టండి, అప్పుడూ వస్తే బిల్లు పట్టుకెళ్లి స్టిక్కులు మార్పించుకోండి.