మేనేజర్ మంచోడే, మరి మ్యాచ్ సంగతేంటి? తూకం వేయడం ఎలా

ఫుట్‌బాల్‌లో పెద్ద టోర్నీ ఏదైనా అయిపోగానే జట్టు మేనేజర్, అంటే ప్రధాన కోచ్, మీద ఇదే గొడవ మొదలవుతుంది. ఒకడేమో "ఆటగాళ్లంతా ఆయన కోసం ప్రాణం పెడతారు, ఇంకేం కావాలి" అంటాడు, ఇంకొకడు "ప్రాణం పెట్టి ఏం లాభం, ఆట మధ్యలో సబ్‌ని, అంటే బెంచీ మీది ఆటగాణ్ని, ఎప్పుడు దించాలో కూడా తెలియదు" అంటాడు. ఇద్దరు చెప్పేదీ నిజమే అయ్యుండొచ్చు, అందుకే వాదన ఎంతకీ తెగదు. తెగాలంటే రెండింటినీ విడివిడిగా చూసి, ఆ తర్వాత జట్టు పరిస్థితిని బట్టి దేనికి ఎంత విలువివ్వాలో తేల్చుకోవాలి. దీనికి గారెత్ సౌత్‌గేట్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. 2016 నుంచి 2024 దాకా ఇంగ్లండ్ మేనేజర్, ఒక ప్రపంచకప్ సెమీస్, వరుసగా రెండు యూరో (యూరప్ దేశాల కప్పు) ఫైనల్స్, కప్పు మాత్రం సున్నా.

ముందు లోపం ఏంటో స్పష్టంగా రాసుకోండి. "వ్యూహం రాదు" అని ఊరికే అనేస్తే కుదరదు, ఎందుకంటే అందులో మూడు వేరువేరు పనులున్నాయి. మ్యాచ్‌కి ముందు వేసే ప్లాన్ ఒకటి, కార్నర్లు, ఫ్రీ కిక్‌ల లాంటి సెట్ పీస్‌లు ఒకటి, ఆట నడుస్తుండగా తీసుకునే నిర్ణయాలు ఒకటి. మొదటి రెండూ మంచి అసిస్టెంట్లు ఉంటే చాలావరకు సర్దుకుంటాయి. 2018 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ కొట్టిన 12 గోల్స్‌లో 9, పెనాల్టీలతో కలిపి, సెట్ పీస్‌ల నుంచి వచ్చినవే. కార్నర్ కొట్టే ముందు నలుగురైదుగురు రైలు పెట్టెల్లా ఒకరి వెనక ఒకరు నిలబడి, బంతి రాగానే తలా ఒక దిక్కుకి విడిపోయేవాళ్లు, గుర్తుందా? అదంతా శిక్షణ మైదానంలో కోచ్‌లు కూర్చుని తయారుచేయించగలిగిన పని. మూడోది మాత్రం అలా కాదు. పక్కన పదిమంది ఉండి ఎన్ని సలహాలిచ్చినా, అరవయ్యో నిమిషంలో మార్చాలా వద్దా అన్నది మేనేజర్ ఒక్కడే తేల్చాలి. కాబట్టి లోపం మొదటి రెండింటిలో ఉంటే పెద్దగా కంగారు పడక్కర్లేదు, మూడోదాంట్లో ఉంటే మాత్రం పెన్ను తీయండి.

పెన్నుతో ఏం రాయాలంటే, నిమిషాలు. గోల్ ఎప్పుడు పడింది, ఆట మన చేతిలోంచి జారడం ఎప్పుడు మొదలైంది, మనవాడు ఎప్పుడు కదిలాడు. అంతే. 2018 సెమీస్, మాస్కోలో క్రొయేషియా మీద ఇలా వేసి చూడండి. 5వ నిమిషంలో ఇంగ్లండ్ ఆటగాడు ట్రిప్పియర్ ఫ్రీ కిక్ గోల్. రెండో సగం మొదలయ్యాక క్రొయేషియా కెప్టెన్ మోద్రిచ్ బృందం మిడ్‌ఫీల్డ్‌ని మెల్లగా లాగేసుకుంది. 68వ నిమిషంలో పెరిసిచ్ స్కోరు సమం చేశాడు. ఇంగ్లండ్ మొదటి సబ్ 74లో. ఎక్స్‌ట్రా టైమ్‌లో క్రొయేషియా తరఫున మాంజుకిచ్ కొట్టాడు, కథ ముగిసింది. ఇప్పుడు 2021 జూలై 11, వెంబ్లీ, ఇటలీతో యూరో ఫైనల్. మనకి అర్ధరాత్రి పన్నెండున్నరకి మొదలైన మ్యాచ్. 2వ నిమిషంలో ఇంగ్లండ్‌కి ల్యూక్ షా గోల్. తర్వాత ఇటలీ మిడ్‌ఫీల్డర్లు వెర్రాట్టి, జోర్జిన్యో బంతిని వదిలితే ఒట్టు. 67లో బొనుచి సమం చేశాడు. ఇంగ్లండ్ మొదటి సబ్? అది కూడా గోల్ పడ్డాకే. మూడేళ్ల తేడాతో ప్రత్యర్థులు వేరు, చాలావరకు ఆటగాళ్లూ వేరు, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మాత్రం ఒకటే. ఒక్క మ్యాచ్‌లో అయితే పోనీలే అనుకోవచ్చు, రెండుసార్లు ఇలాగే జరిగితే అది అలవాటు.

ఒక జాగ్రత్త. ఫలితాన్ని బట్టి నిర్ణయానికి మార్కులేయకండి. ఆ 2021 ఫైనల్ షూటౌట్ (స్కోరు సమంగా ఉంటే పెనాల్టీలతో తేల్చే పద్ధతి) కోసమని చివరి నిమిషంలో దించిన రాష్‌ఫర్డ్, సాంచో ఇద్దరూ పెనాల్టీలు పోగొట్టారు, అందరూ తిట్టారు. 2024 యూరో క్వార్టర్ ఫైనల్లో స్విట్జర్లాండ్ మీద కూడా సబ్‌లుగా వచ్చిన టోనీ, అలెగ్జాండర్-ఆర్నాల్డ్ పెనాల్టీలు కొట్టారు, ఐదుకి ఐదూ పడ్డాయి, అందరూ పొగిడారు. రెండు చోట్లా ఆలోచన ఒకటే. తేడా ఏంటంటే రెండోసారి వాళ్లని ఆఖరి సెకన్ల దాకా ఆపలేదు, కాస్త కాళ్లు కదిపే టైమ్ ఇచ్చాడు. చూడాల్సింది ఆ తేడాని. అంటే మనిషి నేర్చుకుంటున్నాడు.

ఇక మనుషుల్ని నడిపించే విద్య. ఇక్కడ జనం ఎక్కువగా మోసపోయేది ఫోటోలు చూసి. 2018లో ఇంగ్లండ్ ఆటగాళ్లు స్విమ్మింగ్ పూల్‌లో గాలి నింపిన యూనికార్న్ బొమ్మల మీద తేలుతూ కనిపించారు, సరదాగానే ఉంది, కానీ అది రుజువు కాదు. కౌగిలింతలూ కాదు. రుజువు రెండు చోట్ల దొరుకుతుంది.

మొదటిది, దెబ్బతిన్నవాడు తిరిగొచ్చాడా? 2021 ఫైనల్లో ఆఖరి పెనాల్టీ పోగొట్టినప్పుడు సాకాకి 19 ఏళ్లు. ఆ రాత్రి అతన్ని, మిగతా ఇద్దర్నీ జాతి పేరుతో ఎంత నీచంగా తిట్టారో తెలిసిందే. మూడేళ్ల తర్వాత స్విట్జర్లాండ్ మ్యాచ్‌లో 80వ నిమిషంలో బయటినుంచి లోపలికి కోసుకొచ్చి ఎడమ కాలితో స్కోరు సమం చేసింది సాకానే, షూటౌట్‌లో మళ్లీ బంతి పట్టుకుని నడిచి వెళ్లి కొట్టిందీ సాకానే. ఇందులో అతని క్లబ్‌కీ వాటా ఉంది, కాదనను. కానీ ఇంగ్లండ్ చొక్కా చూస్తేనే వణుకు పుట్టే రోజులు ఒకప్పుడు ఉండేవి. అంతకుముందు తరంలో ఫెర్డినాండ్, ల్యాంపార్డ్, జెరార్డ్ లాంటివాళ్లు జాతీయ జట్టులో కూడా క్లబ్బుల వారీగా విడిపోయి ఉండేవాళ్లమని తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు.

రెండోది, పెద్దవాణ్ని పక్కన పెట్టగలడా? చాలామంది మొహమాటాన్ని మంచితనం అనుకుంటారు. ఎవర్నీ నొప్పించలేక పేరున్నవాణ్ని మైదానంలోనే ఉంచేస్తే అది మనుషుల్ని నడపడం కాదు, మనుషులకి భయపడటం. అలా చూస్తే 2024 యూరో సెమీస్ సౌత్‌గేట్ పద్దులో గట్టిగా జమ అవుతుంది. నెదర్లాండ్స్ మీద స్కోరు 1-1 ఉండగా 81వ నిమిషంలో కెప్టెన్ కేన్‌ని, ఫోడెన్‌ని బయటికి పిలిచి వాట్కిన్స్, పామర్‌లని దించాడు. పామర్ పాస్, వాట్కిన్స్ గోల్, ఫైనల్. బెంచీ మీద వారాల తరబడి కూర్చున్నవాడు మొహం మాడ్చుకోకుండా సిద్ధంగా ఉండటం అనేది ఊరికే రాదు.

భారత జట్టు కోచ్‌గా చేసిన మన హైదరాబాద్ రహీమ్ సాబ్ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జర్నైల్ సింగ్ అనే డిఫెండర్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడితే, సయ్యద్ అబ్దుల్ రహీమ్ అతన్ని ముందుకి తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. దక్షిణ కొరియాతో ఫైనల్లో 2-1తో గెలిస్తే అందులో ఒక గోల్ జర్నైల్‌దే. ఇది వ్యూహమా, మనిషిని చదవడమా? ఏ గడిలో రాస్తారో మీ ఇష్టం, నేనైతే రెండింట్లోనూ రాస్తాను.

సరే, రెండు వైపులా రాశారు, ఇప్పుడు తూకం. అన్నిటికంటే ముందు అడగాల్సింది ఆయనకి ఆటగాళ్లతో ఎంత టైమ్ దొరుకుతుంది అని. జాతీయ జట్టు ఏడాదిలో కొన్ని వారాలే కలుస్తుంది, అంత తక్కువ టైమ్‌లో చిక్కు ప్లాన్‌లు ఎక్కించడం కష్టం, పైగా నెల రోజులు ఒకే హోటల్లో మగ్గాలి. అక్కడ మనుషుల విద్యకే ఎక్కువ బరువు. క్లబ్‌లో రోజూ ట్రైనింగ్ ఉంటుంది, ప్రత్యర్థులు మీ వీడియోలన్నీ చూసేసి ఉంటారు, అక్కడ ఉత్సాహం ఒక్కటే ఎన్నాళ్లో ఆగదు.

సోల్షార్‌ని చూడండి. 2018 డిసెంబర్‌లో అప్పటి మేనేజర్ మొరీన్యోని పంపించేశాక, మొహాలు వేలాడేసిన మాంచెస్టర్ యునైటెడ్‌ని తీసుకుని వరుసగా మొదటి ఎనిమిది మ్యాచ్‌లు గెలిచాడు. విరిగిపోయిన డ్రెస్సింగ్ రూమ్‌కి అప్పుడు అలాంటివాడే కావాలి, ఆ నియామకం తప్పని ఇప్పటికీ అనను. కానీ 2020-21 లీగ్ లెక్క తీయండి. యునైటెడ్ బయటి మైదానాల్లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, సొంత ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆరు ఓడింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, వీళ్లది పూర్తిగా తిరగబడింది. కరోనా వల్ల ఖాళీ స్టేడియాల సీజన్ కాబట్టి కొంత తగ్గించి చూసినా, అసలు కారణం కనబడుతూనే ఉంది. బయట ప్రత్యర్థి మీదికొస్తే వెనక ఖాళీ దొరికేది, పరిగెత్తి కొట్టేవాళ్లు. ఇంటికొచ్చి గోడ కట్టి కూర్చుంటే దాన్ని తెరిచే పద్ధతి వీళ్ల దగ్గర ఉండేది కాదు. ఆ సీజన్ చివర గ్దాన్స్క్‌లో యూరోపా లీగ్ ఫైనల్, విల్లారియల్ మీద. అవతల విల్లారియల్ మేనేజర్ ఎమెరీ వరుసగా మార్పులు చేసుకుంటూ పోతుంటే సోల్షార్ మొదటి సబ్ 100వ నిమిషంలో వచ్చింది. షూటౌట్‌లో 11-10తో ఓడారు. నిమిషాల కాగితం ఉన్నవాళ్లకి అంతకంటే ఏం చెప్పాలి.

ఈ కాగితాన్ని ఓడిపోయిన రాత్రి బయటికి తీయకండి, కోపంలో అన్నీ తప్పులే కనిపిస్తాయి. కాంట్రాక్ట్ పొడిగించే మాట వచ్చినప్పుడు తీయండి. యునైటెడ్ 2021 జూలైలో సోల్షార్‌కి 2024 దాకా కొత్త కాంట్రాక్ట్ ఇచ్చింది. అక్టోబర్‌లో సొంత మైదానంలో లివర్‌పూల్ చేతిలో 0-5, నవంబర్ 20న వాట్‌ఫర్డ్‌లో 1-4, మర్నాడే ఉద్యోగం పోయింది. జూలైలో సంతకం పెట్టేటప్పటికే గ్దాన్స్క్ మ్యాచ్ అయిపోయి రెండు నెలలు.