యమునోత్రి ప్రయాణానికి ముందు

విశాఖ నుంచి యమునోత్రి బయల్దేరుతున్నారా? ముందు చార్‌ధామ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, అది లేకపోతే పైకి పంపరు. వానాకాలం మాత్రం వద్దు, కొండచరియలు విరిగిపడతాయి.

అసలు జాగ్రత్త ఎత్తు గురించి. మనం సముద్రం ఒడ్డున ఉండేవాళ్లం, ఆ గుడేమో 3,200 మీటర్ల పైన. సింహాచలం మెట్లు గబగబా ఎక్కేస్తాం కదా అని ధీమా పడకండి. బీపీ, ఆస్తమా, గుండె జబ్బు ఉంటే డాక్టర్ని అడిగాకే టికెట్లు కొనండి. జానకీచట్టిలో ఒక రాత్రి ఆగండి. అక్కడి నుంచి సుమారు 6 కిలోమీటర్ల నడక. ఓపిక లేనివాళ్లకు గుర్రాలు, డోలీలు ఉంటాయి. తలనొప్పి, వాంతులు మొదలైతే దర్శనం కాలేదని చూడకుండా వెంటనే కిందికి దిగిపోవాలి.

స్వెట్టర్, రెయిన్‌కోటు, జారని బూట్లు మరవద్దు. గుడి దగ్గరి వేడినీటి బుగ్గ సూర్యకుండంలో చేయి పెట్టకండి, బియ్యం మూట ముంచితే ఉడికిపోయేంత వేడి. ఆ అన్నమే ప్రసాదం!