తేదీలు గుర్తుండాలంటే పాత డైరీ

పోటీ పరీక్షలకు చదివేవారికి సంవత్సరాలు గుర్తుంటాయి, తేదీలే జారిపోతాయి. వాడకుండా మిగిలిపోయిన డైరీ ఒకటి తీసుకోండి. ఏ ఏడాదిదైనా ఫరవాలేదు, వారాల పేర్లు పట్టించుకోకండి. ఏ సంఘటన చదివినా ఆ తేదీ పేజీలోనే రాయండి. పేజీకి మూడే, ఒక్కొక్కటి ఒక్క వరుసలో.

ఉదాహరణకు ఆగస్టు 29 పేజీ: 1831, ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను (అయస్కాంత ప్రభావం మారితే తీగచుట్టలో, అంటే కాయిల్‌లో, కరెంటు పుట్టడం) కనుగొన్న రోజు, 1863, గిడుగు రామమూర్తి జననం, అందుకే తెలుగు భాషా దినోత్సవం, 1905, ధ్యాన్‌చంద్ జననం, అందుకే జాతీయ క్రీడా దినోత్సవం. కాయిల్, వ్యావహారిక భాష, హాకీ కర్ర! పొంతన లేని ఈ మూడూ ఒకచోట చేరితే మరిచిపోవడమే కష్టం. ఇంట్లోవాళ్ల పుట్టినరోజుల పేజీలు ముందు నింపితే ఇంకా తేలిక. రోజూ పొద్దున ఆ రోజు పేజీ ఒక్కసారి చూస్తే చాలు.

పాతకాలపు ఐరోపా తేదీల దగ్గర మాత్రం ఇది బెడిసికొడుతుంది. న్యూటన్ పుట్టింది అప్పటి ఇంగ్లండు కేలండరులో 1642 డిసెంబరు 25, ఇప్పటి లెక్కలో 1643 జనవరి 4. రష్యా అక్టోబరు విప్లవం కూడా ఇప్పటి లెక్కలో నవంబరు 7న వస్తుంది. ఇలాంటివి ఇప్పటి తేదీ పేజీలో రాసి, పాత తేదీని పక్కన పెన్సిలుతో వేసుకోండి.