కోణాల లెక్కలు – 4వ పాఠం: ‘కంటే’ దగ్గర ఒక్క క్షణం ఆగండి

పోయిన పాఠంలో పూరక కోణాలు చేశాం. వాటి మొత్తం 90°. ఈసారి సంపూరక కోణాలు, మొత్తం 180°. సమీకరణం సాధించడం మీకు ఇప్పటికే వచ్చు. తప్పులు ఎక్కువగా దొర్లేది అంతకు ముందే, మాటలను సమీకరణంగా మార్చే చోట.

ఈ లెక్క చూడండి: రెండు సంపూరక కోణాల్లో ఒకటి, రెండోదానికి మూడు రెట్ల కంటే 20° తక్కువ. ఆ కోణాలెంత?

దేన్ని ‘క’ అనుకోవాలి? (ఎక్స్ అనుకున్నా ఒకటే.) దేనితో పోల్చారో దాన్ని. ఇక్కడ పోల్చింది రెండోదానితో, కాబట్టి అది క. ఇక తెలుగు వాక్యం మనకు బాగా కలిసొస్తుంది. ‘మూడు రెట్ల’ అనగానే 3క రాయండి, ‘కంటే 20 తక్కువ’ అనగానే పక్కన − 20 పెట్టండి. చదివిన వరసలోనే 3క − 20 వచ్చేసింది. ‘20’, ‘తక్కువ’ అన్న మాటలు చూసి కంగారులో 20 − 3క రాసేవాళ్లున్నారు. వాక్యాన్ని ముక్కలుగా చదివితే ఆ పొరపాటు జరగదు.

క + 3క − 20 = 180
4క = 200
క = 50

ఇక్కడితో పెన్ను కింద పెట్టేయకండి, అడిగింది రెండు కోణాలు. రెండోది 50°, మొదటిది 3 × 50 − 20 = 130°. కలిపితే 180°. ఇంకో చిన్న పరీక్ష: సంపూరక కోణాలు రెండూ 90° అయినా కావాలి, లేదంటే ఒకటి 90° కంటే తక్కువ, రెండోది ఎక్కువ ఉండాలి. మీకు 70°, 80° లాంటివి వస్తే ఎక్కడో తేడా కొట్టినట్టే.

నిష్పత్తి ఇస్తే పని ఇంకా తేలిక. 4 : 5 అంటే 4క + 5క = 180, క = 20. కోణాలు 80°, 100°.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన లెక్క. ఒక కోణానికి సంపూరక కోణం, దాని పూరక కోణానికి నాలుగు రెట్లు. ఆ కోణం ఎంత?

కోణం క అయితే సంపూరక కోణం 180 − క, పూరక కోణం 90 − క.

180 − క = 4(90 − క)
180 − క = 360 − 4క
3క = 180
క = 60

బ్రాకెట్ విప్పేటప్పుడు 4తో కను కూడా గుణించాలి. 360 − క అని రాస్తే లెక్క అక్కడే పోయింది. సరిచూద్దాం: 120° అనేది 30°కి నాలుగు రెట్లే. నిజానికి దీన్ని నోటితోనే చేయొచ్చు. ఏ కోణానికైనా సంపూరక, పూరక కోణాల మధ్య తేడా ఎప్పుడూ 90°. ఒకటి రెండోదానికి నాలుగు రెట్లంటే ఆ తేడా మూడు వంతులు, కాబట్టి ఒక వంతు 30°. పూరక కోణం 30° అయితే అసలు కోణం 60°.

మీ వంతుకి ఒకటి: ఒక కోణానికి సంపూరక కోణం, ఆ కోణానికి రెండు రెట్ల కంటే 15° ఎక్కువ. జవాబు 55° రావాలి. 65° వచ్చిందంటే, 15ను తీసేశారన్నమాట.