వ్యాను నీళ్ల ట్యాంకులో వాసన, జిగురు: సమస్య - పరిష్కారం

సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి, కోరాపుట్‌ల మీదుగా జయపురం వెళ్లే దారిలో క్యాంపర్ వ్యాను (పడక, స్నానం వసతులున్న ప్రయాణపు బండి) ట్యాంకును గెడ్డ (కొండవాగు) నీటితోనో, ఊరి బోరు నీటితోనో నింపుకోక తప్పదు. ఆ నీరు నాలుగైదు రోజులు కదలకుండా నిలిచినప్పుడు ఎదురయ్యే ఇబ్బందులివి.

లక్షణం: కుళాయి నీరు మురిగిన వాసన వేస్తుంది, ట్యాంకు లోపలి గోడ తడిమితే వేలు జారుతుంది.

కారణం: సూక్ష్మజీవులు కట్టుకున్న జిగురుపొర. ఇది ట్యాంకులో కన్నా సన్నని పైపుల్లో మొండిగా అంటుకుంటుంది కనుక, ట్యాంకులో మందు పోసి ఊరుకుంటే వారానికే వాసన తిరిగి వస్తుంది.

పరిష్కారం: నీరంతా వదిలి, మూత తీసి, మెత్తని బ్రష్‌తో లోపల రుద్ది కడగాలి. ఫిల్టర్ కాట్రిడ్జ్ తీసేయాలి. అందులోని బొగ్గు క్లోరిన్‌ను మింగేస్తుంది. గీజర్ ఆపి చల్లారనివ్వాలి. వంద లీటర్ల ట్యాంకుకు సువాసన కలపని 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం 100 మిల్లీలీటర్లు సరిపోతుంది. అంటే లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్. అది దొరకకపోతే 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 15 గ్రాములు బకెట్ నీటిలో కలిపి, అడుగుకు సున్నం దిగాక పైతేట మాత్రమే పోయాలి. నేనొకసారి తొందరపడి పొడినే నేరుగా వేసి, పంపు జాలీ పూడిపోయి సగం రోజు పోగొట్టుకున్నాను. వానాకాలంలో చెమ్మగిల్లిన పాత పొడికి బలం తగ్గిపోతుంది కనుక కొత్త ప్యాకెట్టే కొనాలి.

ట్యాంకు నిండా నీరు పట్టి, చన్నీళ్ల కుళాయి, వేడినీళ్ల కుళాయి, షవరు ఒక్కొక్కటే తెరిచి, ప్రతిచోటా క్లోరిన్ వాసన వచ్చాకే కట్టాలి. కనీసం నాలుగు గంటలు ఉంచాలి. ఆ సమయంలో ఘాటీ మలుపుల్లో బండి నడిపితే కుదుపులకు ట్యాంకు పైకప్పు కూడా తడుస్తుంది. స్టీలు ట్యాంకయితే రాత్రంతా వదలకండి, క్లోరిన్ దాన్ని తినేస్తుంది. తర్వాత ఖాళీ చేసి, వాసన పోయేదాకా మంచినీటితో రెండు మూడుసార్లు నింపి వదలాలి. ఆ నీటిని గెడ్డలోకో, వరిమడిలోకో, చేపల చెరువులోకో వదలకూడదు.

లక్షణం: క్లోరిన్ వాసన అరగంటకే మాయమవుతుంది.

కారణం: ఎర్రమట్టి, ఆకుల చెత్త ఉన్న నీరు క్లోరిన్‌ను ఖర్చు చేసేస్తుంది. మోతాదు పెంచడం చాలామంది చేసే పొరపాటు. ఖాళీ చేసి, గుడ్డలో వడగట్టిన తేటనీటితో మళ్లీ మొదలుపెట్టాలి.

లక్షణం: వేడినీళ్ల కుళాయిలో మాత్రమే కుళ్లిన కోడిగుడ్డు వాసన.

కారణం: గీజర్‌లోని మెగ్నీషియం కడ్డీ దగ్గర కొన్ని బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టించడం. క్లోరిన్ నీటిని గీజర్‌లోకీ పంపి శుద్ధి చేసి, ప్రయాణం ముగిశాక దాన్ని ఖాళీగా ఉంచాలి.

సున్నపు మచ్చలు పోవడానికి వినెగర్ గానీ, టాయిలెట్ క్లీనర్ వంటి ఆమ్లం గానీ క్లోరిన్ ద్రావణంతో కలిపితే విషవాయువు వెలువడుతుంది. చేతికి తొడుగులు వేసుకుని, వ్యాను తలుపులన్నీ తెరిచే పనిచేయాలి. క్రిప్టోస్పోరిడియం వంటి పరాన్నజీవులు క్లోరిన్‌కు లొంగవు కనుక, ట్యాంకు శుద్ధయ్యాక కూడా గెడ్డ నీటిని తాగేముందు మరిగించుకోవాలి.