తప్పొప్పుల గురించి పిల్లలతో ముచ్చట పెట్టడం ఎట్లా

పిల్లవాడు "అది తప్పు" అనగానే పెద్దవాళ్లం తృప్తిపడి ఊరుకుంటాం. "ఎందుకు తప్పు?" అని ఇంకో మాట అడగండి. వాడి ఆలోచన ఎంత ఎదిగిందో తెలిసేది ఆ కారణంలోనే.

నాలుగేళ్ల బిడ్డను ఇట్లా అడగండి: "టీచర్ సరే అంటే యూనిఫాం లేకుండా బడికి పోవచ్చా? టీచర్ సరే అంటే పక్కవాణ్ని కొట్టొచ్చా?" మొదటిదానికి ఔనని, రెండోదానికి వద్దని చాలామంది చెబుతారు. ఇతరులకు నొప్పి కలిగించడం వేరు, బడి నియమం వేరు అని అంత చిన్నప్పుడే తెలుస్తుంది.

ఆరేడేళ్లకు ఈ కథ చెప్పండి. సంక్రాంతి నాడు రాణి అమ్మకు సాయం చేయబోతే పళ్లెం జారి పది గ్లాసులు పగిలాయి. రవి దొంగచాటుగా సకినాల డబ్బా అందుకోబోయి ఒక్క గ్లాసు పగలగొట్టాడు. ఎవరి తప్పు పెద్దది? చిన్నపిల్లలు తరచుగా రాణిదే అంటారు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే 1932లో పదిహేను కప్పుల కథతో చూపించింది ఇదే. తొమ్మిది, పదేళ్లకు ఉద్దేశం లెక్కలోకి వస్తుంది. అడిగే ముందు కథను బిడ్డతో తిరిగి చెప్పించండి. ఎవరు ఏం చేయబోయారో మరచిపోతే జవాబు పగిలిన గ్లాసుల మీదికే పోతుంది.

పదేళ్లు దాటినవాళ్లకు చిక్కుముడి కావాలి. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన రైతుకు గుమస్తా పొరపాటున 2,000 రూపాయలు ఎక్కువిచ్చాడు. రేపు బిడ్డ ఫీజుకు ఆఖరు రోజు. తిరిగివ్వాలా? "దొరికితే తంతారు", "వాళ్లు మనకు ఇచ్చేవాళ్లా?", "మంచి మనిషి అట్లా చేయడు", "అందరూ ఇట్లా చేస్తే మార్కెట్ నడవదు": 1958లో షికాగోలో 72 మంది అబ్బాయిలతో మొదలుపెట్టి అమెరికా మనస్తత్వవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ గుర్తించిన, తప్పొప్పుల ఆలోచన ఎదిగే మెట్లు ఈ వరుసలోనే ఉంటాయి. నియమం కూడా న్యాయమేనా అని ప్రశ్నించే పై మెట్టు పెద్దవాళ్లలోనూ కొద్దిమందిదే. "పాపం, గుమస్తా జీతంలో కోస్తారు" అనే జవాబును తక్కువ చేయొద్దు. ఎదుటివాళ్ల బాగోగులు చూసే ఆలోచనకు కోల్‌బర్గ్ కొలమానంలో న్యాయం జరగలేదని 1982లో మరో మనస్తత్వవేత్త కరోల్ గిలిగన్ గట్టిగా వాదించారు.

ఇట్లాంటి ముచ్చటకు ఆరుగురు, ఎనిమిది మంది పిల్లలు, అరగంట చాలు. ముందు ఎవరికి వాళ్లు జవాబు, కారణం కాగితం మీద రాయాలి. లేకపోతే గట్టిగా మాట్లాడేవాడి వెనకే అందరూ పోతారు. అందరూ ఒకే మాట మీదుంటే కథ మార్చండి: ఆ గుమస్తానే పోయినసారి తూకంలో మోసం చేసి ఉంటే? ఎదుటివాడి కారణాన్ని తిరిగి చెప్పాకే కాదనాలి. తనకంటే ఒక్క మెట్టు పై కారణం తోటివాళ్ల నోట విన్నప్పుడు పిల్లలు కదులుతారు, రెండు మూడు మెట్ల పైమాట తలకెక్కదు. పెద్దలు ఉపన్యాసం మొదలుపెడితే ఆట చెడినట్టే. జవాబుకు తిట్టారంటే వచ్చేసారి మీకు నచ్చేదే చెబుతారు.

చక్కగా వాదించిన పిల్లవాడే పరీక్షలో చూచిరాత రాయొచ్చు. అందుకని తప్పు జరిగిన పూట ఈ చిక్కుముడులు పెట్టొద్దు. "నువ్వు గుంజుకుంటే చెల్లె ఏడ్చింది, చూడు" అని జరిగిన నష్టాన్ని చూపించి, ఎట్లా సరిచేస్తాడో వాణ్నే అడగండి.